ఆ పూట పొద్దున్నుంచి చెప్పండి

గుండెపోటు వచ్చిందనుకుని నేను ఎమర్జెన్సీకి పరుగెత్తింది నాలుగుసార్లు. నాలుగుసార్లూ ఈసీజీ నార్మల్. మూడోసారి టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేశారు, అవీ నార్మలే. మొదటి రెండుసార్లు గ్యాస్ అన్నారు. మూడోసారి “మీకేం లేదండీ, టెన్షన్ పెట్టుకోకండి” అన్నారు. నాలుగోసారి రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుని, “సార్, మీ గుండె బాగుంది. దీన్ని పానిక్ ఎటాక్ అంటారు. ఒకసారి క్లినికల్ సైకాలజిస్టుని కలవండి, మాటలతో వైద్యం చేస్తారు, టాక్ థెరపీ అంటారు” అని చీటీ మీద రాసిచ్చాడు.

ఆ చీటీ రెండు నెలలు నా పర్సులోనే ఉండిపోయింది.

కారణం చెబుతాను. మాది గుంటూరు దగ్గర పల్లె. చిన్నప్పుడు ఎవరైనా కాస్త తేడాగా ప్రవర్తిస్తే “వాల్తేరు పంపాలి” అనేవాళ్లు, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది కాబట్టి. హైదరాబాద్ వైపు అదే మాట ఎర్రగడ్డ పేరుతో అంటారు. ఎంతోమందికి నయం చేసిన రెండు ఆసుపత్రుల పేర్లు మన నోట్లో తిట్లయి కూర్చున్నాయి. ఆ మాటల మధ్యే పెరిగాను. నలభై ఏడేళ్లు వచ్చి, బ్యాంకులో పదిమందికి పని చెప్పే స్థానంలో ఉన్నాక, సైకాలజిస్టు అన్న బోర్డు ముందు చెప్పులు విప్పడానికి నాకు మనసొప్పలేదు.

ఈలోగా బతుకు చిన్నదైపోయింది. మెట్లు ఎక్కడం మానేశాను, ఎక్కితే గుండె వేగం పెరుగుతుందని. చొక్కా జేబులో ఎప్పుడూ సార్బిట్రేట్ షీటు, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రలు. బస్సులో డ్రైవరు వెనక సీటే కావాలి, దిగాల్సి వస్తే వెంటనే దిగడానికి. ఇంటి నుంచి బ్యాంకుకి దగ్గర దారి వదిలేసి రెండు ఆసుపత్రులున్న చుట్టుదారిలో వెళ్లేవాణ్ణి. పడుకునే ముందు మూడుసార్లు బీపీ. మొదటిసారి 130 వస్తే అది చూసిన భయానికి రెండోసారి 145 వచ్చేది. నా భార్య ఒకరాత్రి ఆ మిషను తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ తాళం కోసం నేను ఆమె మీద అరిచాను. ఇరవై ఏళ్ల కాపురంలో అలా అరవడం అదే మొదటిసారి.

ఆ రోజుల్లో నాకు సలహాలకు లోటు లేదు. అమ్మ దిష్టి తీసింది. బావగారు ఫోన్ చేసి ప్రాణాయామం చెయ్యమన్నారు. ఆఫీసులో తోటివాళ్లు “ఖాళీగా ఉంటే ఇలాంటివి వస్తాయి, బిజీగా ఉండు” అన్నారు. చిన్ననాటి స్నేహితుడు “నీకేం తక్కువరా? సొంతిల్లు, ఉద్యోగం, చదువుకునే పిల్లలు” అన్నాడు. అందరూ ప్రేమతోనే అన్నారు. నేనిది తప్పుపట్టడానికి చెప్పడం లేదు. కానీ ప్రతి సలహాకీ చివర నేను “సరే” అనాలి. ఆ “సరే”తో నా నోరు మూతపడేది. ధైర్యంగా ఉండు అని చెప్పినవాళ్ల దగ్గర, నాకు ధైర్యం రాలేదని మళ్లీ వెళ్లి ఎలా చెప్పుకుంటాం? రెండోసారి చెబితే వాళ్ల మాట విననట్టు, మూడోసారి చెబితే విసిగించినట్టు.

అందుకే, “మాట్లాడితే రోగాలు తగ్గుతాయా? అదేదో మేమే మాట్లాడతాం కదా” అని ఎవరన్నా అంటే నేను ఊరుకోలేను. మనకు మాటల కొరత లేదు. కొరత ఉన్నది ఎదుటివాడిని మాట్లాడనిచ్చే నేర్పుకి. అది మంచి మనసుంటే వచ్చేది కాదు. కుట్టుపనిలాగా, ఇంజెక్షన్ చెయ్యడంలాగా, ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకుంటే వచ్చే పని.

చివరికి ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. ఆమెకు నలభై లోపే వయసుంటుంది. చిన్న గది, రెండు కుర్చీలు, గోడకి ఒక గడియారం. నేను ముందే తయారుచేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను: “నాకు చిన్నప్పటి నుంచీ టెన్షన్ ఎక్కువండీ, దానివల్ల...” ఆమె చెయ్యి కొంచెం ఎత్తి ఆపారు. “చివరిసారి ఎప్పుడొచ్చిందండీ? ఆ పూట పొద్దున్నుంచి చెప్పండి. లేచిన దగ్గర్నుంచి.”

నేను తడబడ్డాను. ఏడు నెలల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. లేచాను, పళ్లు తోముకున్నాను, టిఫిన్ ఉప్మా, సగం తిన్నాను. ఎందుకు సగం? ఫోన్ వచ్చింది. ఎవరిది? పెద్దనాన్నగారి అబ్బాయిది. ఏమన్నారు? నాన్న తద్దినానికి పురోహితుడిని మాట్లాడాడట. తర్వాత? తర్వాత బ్యాంకుకి వెళ్లాను, పదకొండున్నరకి క్యాష్ కౌంటర్ దగ్గర నిలబడి ఉండగా ఛాతీలో పట్టేసింది. ఆమె రాసుకుంటూ, తలెత్తకుండా, “నాన్నగారు ఎప్పుడు పోయారండీ?” అన్నారు.

నలభై ఏడేళ్ల వయసులో. గుండెపోటుతో.

నాకు మొదటి ఎటాక్ వచ్చింది నలభై ఏడు నిండిన మూడు వారాలకి. ఈ లెక్క నేను ఎప్పుడూ వేసుకోలేదు. ఇంటికొచ్చి నా భార్యకి చెబితే ఆమె తల దించుకుంది. ఆమెకి తెలుసు. అమ్మకీ తెలుసు. ఇద్దరూ వంటింట్లో మాట్లాడుకున్నారట కూడా. నా ముందు అంటే నేను ఇంకా బెదిరిపోతానని అనలేదు. ఇల్లంటే అదే కదా, ప్రేమ ఉన్నచోటే కొన్ని మాటలు దాగిపోతాయి. ఇంట్లోవాళ్లకి మన బాగుతో, మన బాధతో లావాదేవీ ఉంటుంది. మనం ఏడిస్తే వాళ్లు నిద్రపోలేరు, అందుకని మనం ఏడవం. ఆ గదిలో కూర్చున్న మనిషికి నా కన్నీళ్లతో అలాంటి లంకె లేదు. ఆమె నన్ను ఓదార్చాల్సిన పని లేదు, ఆమె ఏమనుకుంటుందోనని నేను సర్దుకోవాల్సిన పనీ లేదు.

ఇక్కడితో ఆపితే ఇది సినిమా కథ అవుతుంది: దాగున్న నిజం బయటపడింది, రోగం మాయమైంది అని. నాకు అలా జరగలేదు. నాన్న సంగతి తెలిసిన వారానికే మరో ఎటాక్ వచ్చింది. తెలియడం వేరు, తగ్గడం వేరు.

తగ్గింది నాలుగో సెషన్ నుంచి. ఆ రోజు ఆమె “మీకు ఎటాక్‌లో వేళ్లు తిమ్మిరెక్కుతాయన్నారు కదా, దాన్ని ఇప్పుడు ఇక్కడ రప్పిద్దాం” అన్నారు. నాకు చెమటలు పట్టాయి. నా రిపోర్టులన్నీ ముందే చూశారు, గుండె డాక్టరుతో ఒకమాట మాట్లాడమని కూడా పంపించి ఉన్నారు. కుర్చీలో కూర్చోబెట్టి, ఒక నిమిషం పాటు నోటితో గబగబా ఊపిరి తియ్యమన్నారు, తనూ నాతోపాటు తీశారు. నలభై సెకన్లకి నా వేళ్లు జివ్వుమన్నాయి, తల తేలిపోయింది, అచ్చం అదే. ఆమె కూడా తన చేతులు చూపించి “నాకూ తిమ్మిరెక్కాయండీ” అన్నారు. వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, వేళ్లకి తిమ్మిరి, తలకి తూలు అందుకే. గుండెపోటుతోపాటు పక్షవాతం కూడా అనుకుని నేను రెండుసార్లు అంబులెన్స్ ఎక్కింది దీనికే.

తర్వాత మెట్లు. ఆ బిల్డింగు మూడంతస్తులు. “మీరు ఎక్కితే ఏమవుతుందని అనుకుంటున్నారు? కాగితం మీద రాయండి” అన్నారు. “పడిపోతాను” అని రాశాను. “ఎంత నమ్మకం?” “నూటికి ఎనభై.” ఇద్దరం ఎక్కాం. పైన నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి మణికట్టు మీద వేలు పెట్టుకుని లెక్కపెట్టాను: 124. పరుగెత్తుకెళ్లి కూర్చోవద్దు, జేబు తడుముకోవద్దు, ఊరికే నిలబడండి అన్నారు. మూడు నిమిషాలకి 96. ఎవరో ఉతికి ఆరేసిన దుప్పట్లు గాలికి కొట్టుకుంటున్నాయి. నేను వాటినే చూస్తూ నిలబడ్డాను. గుండె దానంతట అదే దిగొస్తోంది, నేనేమీ చెయ్యకుండానే.

ఈ పద్ధతి ఆమె సొంతంగా కనిపెట్టింది కాదు. అమెరికాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు ఫ్రాయిడ్ మనోవిశ్లేషణ పద్ధతిలోనే శిక్షణ పొంది, 1960లలో దాన్నుంచి పక్కకి వచ్చాడు. రోగి మనసులో చటుక్కున మెరిసి మాయమయ్యే ఆలోచనలను పట్టుకుని పరీక్షించడమే వైద్యమన్నాడు. దాన్నే ఇప్పుడు సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటున్నాం. బ్రిటన్‌లో డేవిడ్ క్లార్క్ అనే సైకాలజిస్టు 1986లో పానిక్‌కి ఒక వివరణ ఇచ్చాడు: గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, మనం దాన్ని చావుగా చదువుతాం, ఆ భయానికి ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, ఆ వేగం మళ్లీ రుజువుగా కనిపిస్తుంది. నా బీపీ మిషను కథ అంతా ఇందులో ఉంది. నేను జేబులో మోసిన సార్బిట్రేట్ నన్ను కాపాడలేదు సరికదా, “అది ఉండబట్టే బతికాను” అని ప్రతిసారీ నాకు నమ్మకం కలిగించి ఆ భయాన్నే పెంచింది.

కాబట్టి టాక్ థెరపీ అంటే ఊరికే మాట్లాడటం కాదు. మాటతో మొదలై, మాట పట్టుకెళ్లిన చోటికి కాళ్లతో నడిచి వెళ్లడం. మొత్తం పదకొండు సెషన్లు, ఒక్కోదానికి 1,200 రూపాయలు. నేను ఈసీజీలకీ ఎకోలకీ పెట్టిన డబ్బు అంతకంటే ఎక్కువే.

భాష గురించి ఒకమాట చెప్పాలి. ఈవిడ దగ్గరికి వెళ్లకముందు ఆన్‌లైన్‌లో వేరే నగరంలో ఉన్న ఒకరితో రెండు సెషన్లు ఇంగ్లిషులో మాట్లాడాను. వాళ్ల తప్పేమీ లేదు. కానీ ఇంగ్లిషులో నేను నా బాధ గురించి రిపోర్టు ఇచ్చినట్టు మాట్లాడాను, బ్యాంకు హెడ్డాఫీసుకి రాసినట్టు. “యాంగ్జయిటీ” అన్నాను. తెలుగులో అడిగితే నా నోట వచ్చిన మాట “బెంగ”. ఆ మాట అనగానే గొంతు పూడుకుపోయింది. నాన్న ఊరెళ్తే జ్వరం తెచ్చుకునే పిల్లాడికి అమ్మ చెప్పే మాట అది. బెంగ, దిగులు, దడ, గుబులు, బెదురు, వీటిల్లో ఏ రెండూ ఒకటి కావు. దేన్ని ఎక్కడ వాడాలో చదువురాని మా అమ్మకీ తెలుసు.

ఈ మాటల వైద్యానికి “టాకింగ్ క్యూర్” అన్న పేరు పెట్టింది డాక్టరు కాదు, ఒక రోగి. 1880లలో వియన్నాలో జోసెఫ్ బ్రాయర్ అనే డాక్టరు దగ్గర వైద్యం పొందిన బెర్తా పాపెన్‌హైమ్. తండ్రి మంచాన పడ్డ రోజుల్లో ఆయనకి సేవ చేస్తూ జబ్బుపడింది. ఆ జబ్బులో కొంతకాలం మాతృభాష జర్మన్ ఆమెకి నోట రాలేదు, ఇంగ్లిషే వచ్చేది. అందుకే ఆ పేరు ఇంగ్లిషులో పుట్టింది. బ్రాయర్ రాసినంత తేలిగ్గా ఆమె కోలుకోలేదు, తర్వాత కూడా కొన్నాళ్లు వైద్యశాలల్లో ఉంది. ఆ తర్వాత మాత్రం జర్మనీలో యూదు స్త్రీల సంఘం స్థాపించి, ఆడపిల్లల అక్రమ రవాణా మీద పోరాడింది. ఎంత బాధ వస్తే మనిషి నోట్లోంచి అమ్మభాషే జారిపోతుందో ఆలోచిస్తూ ఉంటాను.

ఇక అందరూ చెప్పే మరో మాట: పూర్వం అరుగుల మీద కూర్చుని చెప్పుకునేవాళ్లం, అందుకే ఇవేవీ అక్కర్లేకపోయాయి అని. మా ఇంటికీ అరుగు ఉండేది. దాని మీద చెప్పిన మాట సాయంత్రానికి చెరువు అవతల ఉండేది. నాయనమ్మకి ఇద్దరు పిల్లలు పురిటిలోనే పోయారు. ఆ సంగతి ఆ అరుగు మీద ఆమె ఒక్కసారి కూడా ఎత్తగా నేను వినలేదు. ఆమెకి మధ్యమధ్యలో “పూనకం” వచ్చేదని మాత్రం అందరూ చెప్పుకునేవాళ్లు. అరుగు మీద ఊరి కబుర్లు చెప్పుకోవచ్చు. లోపలి గాయం విప్పాలంటే తలుపు వేసుండాలి, విన్నవాళ్లు దాటనివ్వరన్న హామీ ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ గోప్యతను రోగి హక్కుగానే రాసింది.

“ఇదంతా డబ్బున్నవాళ్లకి, పట్నం వాళ్లకి” అనేవాళ్లకి నా జవాబు గోవా. అక్కడ సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్, సంగాత్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక పరీక్ష చేశారు. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న 495 మందిని తీసుకున్నారు. కౌన్సెలింగ్ చేసినవాళ్లు డాక్టర్లు కాదు, సైకాలజీ చదివినవాళ్లూ కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు స్థానికులు. ఆరు నుంచి ఎనిమిది సెషన్లు, జనం మాట్లాడే భాషలోనే. మనసు కుదుటపడ్డాక పనులు చేద్దామని ఆగకుండా, చిన్న చిన్న పనులు మళ్లీ మొదలుపెడితే మనసు వెనకాలే వస్తుందనేది ఆ పద్ధతి. మూడు నెలలకి చూస్తే, కౌన్సెలింగ్ అందినవాళ్లలో నూటికి 64 మంది డిప్రెషన్ నుంచి తేరుకున్నారు. అందనివాళ్లలో 39 మంది. 2017లో లాన్సెట్ వైద్య పత్రిక దీన్ని ప్రచురించింది. 64 అంటే నూరు కాదు, మిగిలిన 36 మందికి ఇంకేదో కావాలి. కానీ ఆ రెండు అంకెల మధ్య తేడా ఉంది చూశారూ, అది మనలాంటి ఊళ్లలో, మనలాంటి పీహెచ్‌సీల్లో, పక్కింటి మనిషిలాంటివాళ్లు తెచ్చిన తేడా. నాకు ఆ పరీక్షలో అన్నిటికంటే నచ్చింది, ఆ కౌన్సెలర్లు తమ సెషన్ల రికార్డింగులు ఒకరివి ఒకరు విని మార్కులు వేసుకోవడం. వినడం నేర్చుకునే పని అని నేనంటున్నది అందుకే.

జింబాబ్వేలో ఇంకో అడుగు ముందుకెళ్లారు. దేశం మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది సైకియాట్రిస్టులు. డిక్సన్ చిబాండా వాళ్లలో ఒకరు. బస్సు చార్జీ లేక తన దగ్గరికి రాలేకపోయిన ఒక అమ్మాయి ప్రాణం తీసుకుంది. ఆ దుఃఖంతో ఆయన 2006లో హరారేలో బామ్మలకి శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో చెక్క బెంచీ మీద కూర్చోబెట్టారు. అక్కడ డిప్రెషన్ అన్న మాట వాడరు. అక్కడి షోనా భాషలో “కుఫుంగిసిస” అంటారు, అతిగా ఆలోచించడం అని. మన దగ్గర “ఏంటి, ఊరికే ఆలోచిస్తున్నావు?” అంటాం చూడండి, అచ్చం అదే. బామ్మల వైద్యాన్ని పరీక్షించి చూస్తే అది పనిచేస్తోందని 2016లో తేలింది.

మందుల సంగతి కూడా సూటిగా చెప్పేస్తాను, ఎందుకంటే ఈ విషయంలో పొరపాటు ప్రాణం మీదకి తెస్తుంది. స్కిజోఫ్రీనియాకి, బైపోలార్‌కి, మంచం దిగనివ్వని డిప్రెషన్‌కి మందులు కావాలి, సైకియాట్రిస్టు కావాలి. మాట అక్కడ మందుకి తోడు, మందుకి బదులు కాదు. కౌన్సెలింగ్‌కి వెళ్తున్నానని చెప్పాపెట్టకుండా టాబ్లెట్లు ఆపెయ్యకండి. అలాగే కౌన్సెలర్ అన్న బోర్డు ఎవరైనా పెట్టుకోగలుగుతున్నారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడగండి. అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గర కూర్చోకండి. మా బంధువుల్లో ఒకావిడ భర్త కొడుతున్నాడని వెళ్తే, గంటకి డబ్బు తీసుకుని “కాస్త సర్దుకుపోమ్మా” అని పంపించారు ఒకచోట. అది థెరపీ కాదు, ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీ. ఆవిడ మళ్లీ ఎక్కడికీ వెళ్లలేదు, నేనెంత చెప్పినా.

ప్రభుత్వం దగ్గర కాగితం మీద చాలానే ఉంది. 1980లలో మన పక్కనే బళ్లారి జిల్లాలో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు మానసిక వైద్యాన్ని ఊళ్లకి తీసుకెళ్లి చూపించారు. ఆ దారిలోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. 2022 అక్టోబరు 10 నుంచి టెలీ మానస్ ఉంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఉచితం. ఈ నంబరు మాత్రం ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. విశాఖలో నీట్‌కి చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హతగల కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. కానీ 2015-16లో నిమ్హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగితే, ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన బాధ ఎంతో లెక్కపెట్టినవాళ్లే తక్కువ.

ఇంగ్లండ్‌లో ఆ డేవిడ్ క్లార్కే, రిచర్డ్ లేయార్డ్ అనే ఆర్థికవేత్తతో కలిసి ప్రభుత్వాన్ని ఒప్పించాడు. 2008 నుంచి అక్కడ వేలమంది థెరపిస్టులకి శిక్షణ ఇచ్చి, జనానికి ఉచితంగా అందిస్తున్నారు. మనకి అన్ని డబ్బులు లేవనుకుందాం. మన దగ్గర ఆశా కార్యకర్తలున్నారు, ఏఎన్ఎంలున్నారు, బస్తీ దవాఖానాలున్నాయి, విలేజ్ క్లినిక్‌లున్నాయి. వాళ్ల నెత్తిన ఇంకో రిజిస్టరు పెట్టమనడం లేదు నేను. ఈ పనికి వేరే మనుషులను తీసుకోండి, జీతం ఇవ్వండి, తెలుగులో నేర్పండి, తలుపున్న ఒక గది ఇవ్వండి.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మకి బీపీ చూడటానికి ఆశా కార్యకర్త వచ్చింది. నా సంగతి అమ్మ చెప్పేసినట్టుంది, నేను కాఫీ ఇస్తుంటే మెల్లగా కదిపింది.

“అన్నా, నేను చెయ్యికి పట్టీ కడతానా, గాలి కొట్టే లోపే ఏడుస్తారు కొంతమంది. ఎందుకేడుస్తున్నారో తెలీదు. నాకేం చెప్పాలో తెలీక, ఏం కాదులే అత్తా అని టాబ్లెట్లు ఇచ్చేసి వచ్చేస్తా.”

“ఏం చెప్పక్కర్లేదమ్మా. అడగాలి.”

“ఏమని?”

నన్ను అడిగిన ప్రశ్నే చెప్పాను. ఇలా ఎప్పుడు మొదలైంది, ఆ పూట పొద్దున్నుంచి చెప్పండి, అని. ఆమె రిజిస్టరు వెనక అట్ట మీద రాసుకుంది. రాసుకున్నది ఒకసారి చదువుకుంది.

“అడుగుతా సరే. వాళ్లు చెప్పడం మొదలుపెట్టాక నేనేం చెయ్యాలి? దీనికి ట్రైనింగ్ ఎక్కడిస్తారన్నా?”